మెట్లు మూసిన బావి

నేను పిరికివాణ్ని. ఆ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే నా తోటివాళ్లంతా తామెవరికీ జంకలేదనే రాస్తారు. తహసీల్దారు బల్ల గుద్దినా, పటేలు కళ్లెర్రజేసినా నవ్వుతూ నిలబడ్డామంటారు. నేను అలా ఒక్కనాడూ నిలబడలేదు. పామంటే భయం, లోతు నీళ్లంటే భయం, పై అధికారి జీపు హారనంటే భయం, ఎవరైనా నన్ను తప్పుగా అనుకుంటారేమోనని ఇంకా భయం. ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగం ఈ భయాలతోనే లాక్కొచ్చాను. వాటిలో ఒక ఏడాది భయాన్ని మాత్రం, ఇప్పుడు ఊళ్ల అభివృద్ధి పనుల్లో కొత్తగా చేరే పిల్లల కోసం రాస్తున్నాను.

అవి యాభైల చివరి సంవత్సరాలు. పల్లెల్ని బాగుచేయడానికి బ్లాకులు పెట్టిన కొత్త. మాది హుజూర్‌నగర్ వైపు సాలోళ్ల మగ్గాల ఇల్లు. నాయిన, ఇద్దరన్నలు నేసేవారు, అమ్మ కండెలు చుట్టేది. నాకు నాలుగక్షరాలు అబ్బాయని గ్రామసేవక్ శిక్షణకు పంపారు. అక్కడ మా అయ్యవార్లు రోజూ చెప్పిన మాట ఒకటే. పైనున్నవాడికి అందితే అభివృద్ధి కాదు, ఊళ్లో అందరికీ అందాలి. ‘అందరికీ’ అన్న మాట కింద పుస్తకంలో రెండు గీతలు గీసుకున్నాను. గీత గీసుకోవడం సులువే.

మక్తల్ నుంచి సైకిలు మీద ఒక పూట ప్రయాణం చేస్తే వచ్చే ఊరు నాకు ఇచ్చారు. చుట్టూ జొన్న చేలు, నడుమ నడుమ రాళ్ల గుట్టలు. వాన పడితే పంట, పడకపోతే వలస. ఆ ఊళ్లో కాలు పెట్టిన వారంలోనే నన్ను వణికించింది పటేలు కాదు, నారికురుపు.

ఇప్పటివాళ్లు దాన్ని చూసి ఉండరు, దేశంలోంచే పోయింది. చీలమండ దగ్గర పొక్కు లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట. పొక్కు చితికితే లోపలినుంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. రెండు మూరలదాకా ఉంటుంది. గుంజితే తెగుతుంది, తెగితే కాలు బుడ్డలా వాచి మనిషి నెలల తరబడి మంచాన పడతాడు. అందుకని చీపురుపుల్లకు దాన్ని చుట్టి, రోజుకు బెత్తెడు చొప్పున, ఇరవై ముప్పై రోజులు తీస్తారు. దుక్కులు మొదలయ్యే వేళకు ఊళ్లో చాలామంది కాళ్లకు పుల్లలు కట్టుకుని అరుగుల మీద కూర్చుని ఉండేవారు. నేను కండెలకు నూలు చుట్టే ఇంట్లో పుట్టినవాణ్ని. మనిషి కాలిలోంచి అలాగే చుట్టడం చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

దాని గుట్టు నాకు చెప్పింది మా బ్లాకు సానిటరీ ఇన్‌స్పెక్టరు. నిజాం జమానా నుంచి ఉద్యోగంలో ఉన్న పెద్దమనిషి. నోట్లో ఎప్పుడూ పాన్. మేమంతా ఆయన్ని సాబ్ అనేవాళ్లం.

“పుండు కాలు నీళ్లల్ల పెడ్తరు, మంట సల్లబడ్తదని. నారి గా నీళ్లల్ల పిల్లలను ఇడుస్తది. గవి కంటికి కానరావు. గా నీళ్లు తాగినోనికి ఇయ్యాల ఏం గాదు, రేపు ఏం గాదు. మల్ల ఏడాదికి కాలుల లేస్తది. నౌకరీల షానా దుశ్మన్లను చూసిన మియా, గింత ఓపిక ఉన్నోన్ని యాడ చూడలె” అన్నాడు.

మందు లేదు. నీళ్లల్లో కాళ్లు పడకుండా చూడడమే మందు. ఆ ఊరి బావి దిగుడుబావి. వెడల్పాటి రాతి మెట్లు, ఆడవాళ్లు మోకాళ్ల లోతు దిగి కుండ ముంచుకుని ఎక్కి వస్తారు. ఆ మెట్లు మూసేసి, చుట్టూ పిట్టగోడ కట్టి, గచ్చు వేసి, గిలక బిగించి చేదతో తోడుకునే బావిగా మార్చాలి. ఈలోపల నీళ్లను మందపాటి నూలు గుడ్డ రెండు మడతలు పెట్టి వడగట్టుకుని తాగమని చెప్పాలి. పటేలు ఇంటి ముందు జనాన్ని పోగుచేసి, నా కండువాతోనే వడగట్టి చూపించాను. సభకు ఊరి బయట, అంటరానివాళ్లని దూరం పెట్టిన వాడవాళ్లూ వచ్చారు. కానీ అరుగు దగ్గరికి రాకూడదు గనక వీధి మలుపులో నిలబడ్డారు. నా గొంతు అంత దూరం పోదు. వాళ్లకు విడిగా వాడకు వెళ్లి చెప్పాలనుకున్నాను. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను.

ఇక్కడ ఆ బావి పద్ధతి ఒకటి చెప్పాలి. వాడలో ముప్పై నలభై ఇళ్లుండేవి. వాళ్లు మెట్లు దిగకూడదు. పొద్దున్నే వచ్చి పై మెట్టుకు అవతల కుండలు పెట్టుకుని నిలబడేవారు. ఊరి ఆడవాళ్లు నీళ్లు ముంచుకుని ఎక్కి వస్తూ, ఎవరికి వాడుకైన వాడ ఇంటి కుండలో వాళ్లు ఎత్తుమీంచి పోసి, మళ్లీ దిగి తమ కుండ నింపుకునేవారు. ముంచుకునే నీళ్లే గనక ఒక కుండ ఎక్కువ ముంచడం ఎవరికీ బరువు కాదు. పోసినందుకు వాడవాళ్లు ఆ ఇంట్లో పేడ తీసేవారో, కట్టెలు కొట్టేవారో. మంచి పద్ధతి కాదు. కానీ నీళ్లు అందేవి. నేను నెల రోజులు ఆ బావి గట్టున కూర్చుని మెట్లు కొలిచాను, లోతు కొలిచాను, పుండ్ల కాళ్లు లెక్కపెట్టాను. రోజూ నా కళ్ల ముందే నీళ్లు పోస్తున్న చేతుల్ని మాత్రం చూసీ చూడలేదు.

మాఘమాసానికల్లా బావి తయారైంది. నున్నటి గచ్చు, తెల్ల సున్నం పిట్టగోడ, నల్ల గిలక. ప్రారంభానికి జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చాడు. మా బ్లాకు అధికారి కోస్తా నుంచి వచ్చినాయన, ఇస్త్రీ మడత నలగనివ్వడు, ఆ రోజు తానే చేద వేసి మొదటి నీళ్లు తోడాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు పెద్ద అధికారి గచ్చుకు దూరంగా ఖాళీ కుండలతో నిలబడ్డ ఆడవాళ్లను చూసి, వాళ్లెందుకు అక్కడే ఆగిపోయారని అడిగాడు.

“తమాషా చూడనీకి వచ్చిన్రు సాబ్” అన్నాడు పటేలు.

వాళ్లు తమాషాకు రాలేదు. పొద్దుటినుంచీ నీళ్లకు నిలబడ్డారు. ఆ క్షణంలో నాకు కళ్లు తెరుచుకున్నాయి. చేదతో చేతులారా లాగి తోడుకోవలసిన నీళ్లు ఇక ఎవరూ ఇంకొకరికి పోయరు. తన కుండ నింపుకునేసరికే రెక్కలు పీకుతాయి. వాళ్లా, గచ్చు ఎక్కకూడదు, చేద ముట్టకూడదు. మెట్లు మూసి మేము ఊరికి నారి తప్పించాం, వాడకు నీళ్లు తప్పించాం. ఈ మాట అక్కడే, ఆ పెద్ద అధికారి అడిగినప్పుడే చెప్పాల్సింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పటేలు నావైపే చూస్తున్నాడు. నేను గిలకవైపు చూస్తూ ఊరుకున్నాను.

వారం తిరక్కుండానే వాడవాళ్లు రావడం మానేశారు. ఎక్కడ తెచ్చుకుంటున్నారో కనుక్కోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఎలాగో సైకిలు వాడవైపు తిప్పాను.

వాడ మొదట్లోనే ఒకావిడ గుడిసె. యాభై దాటిన మనిషి, వితంతువు. వాడలో తగవొస్తే ఆమె మాటే చెల్లేది. నేను అవ్వా అని పిలిచేవాణ్ని. ఆ రోజు గుడిసె నీడన కూర్చుని, కాలి నుంచి నారిని పుల్లకు చుట్టుకుంటోంది. నన్ను చూసి ఒక్క చెయ్యి ఎత్తి దండం పెట్టింది, రెండో చేతిలో పుల్ల ఉంది కనక.

“మా దిక్కు తొవ్వ మరిసినవనుకున్న సారూ” అంది.

“నీళ్లు యాడికెల్లి తెస్తున్నరు అవ్వా?”

“పాడుబాయి ఉన్నది గద, చేన్లల్ల. బర్లు దిగే బాయి. దానికి మెట్లున్నయి, మమ్మల అడ్డుకునేటోడు లేడు. మీ బాయి మంచిగనే ఉన్నదట. సూడనీకి మంచిగున్నది.”

ఎండలో వచ్చానని లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. తెచ్చి వెంటనే ఇవ్వలేదు. చెంబు పట్టుకుని నా మొహంలోకి చూసింది. “తాగుతవా సారూ? మా ఇంట్ల నీళ్లు.”

ఆ నీళ్లేమిటో నాకు తెలుసు. పుండు కాళ్లన్నీ దిగే బావి నీళ్లు. నా భుజం మీద కండువా ఉంది, వడగట్టుకోవచ్చు. కానీ ఆమె ఎదుట కండువా మడతపెట్టి ఆమె నీళ్లు వడగట్టుకుంటే ఆమె ఏమనుకుంటుంది? తాగనంటే ఏమనుకుంటుంది? ఈ నీళ్లల్లో పురుగుందని చెబితే, అంటు పాటించడానికి సాలోల్ల పిలగాడు సాకు చెప్తున్నాడని అనుకోదా? చుట్టూ నలుగురు చేరి చూస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ నా పరిస్థితి. చెంబెత్తి గటగటా తాగేశాను. ఆమె మొహం విచ్చుకుంది. వాడంతా నన్ను తమవాణ్నన్నట్టు చూసింది. నాకు మాత్రం గొంతు దిగే ప్రతి గుక్కా లోపల కదులుతున్నట్టే అనిపించింది.

అక్కడినుంచి తిన్నగా సాబ్ దగ్గరికి వెళ్లాను. అంతా విని పాన్ ఉమ్మి, “తాగినవా? వడగట్టకుంట?” అన్నాడు.

“ఇప్పుడేం చెయ్యాలె సాబ్?”

“ఏముంటది? ఏడాది ఫికర్ చెయ్యాలె. లేస్తే లేస్తది, లేకుంటే లేదు.”

అలా మొదలైంది నా ఏడాది. నిద్ర లేవగానే కాళ్లు చూసుకునేవాణ్ని. దోమ కుట్టినా గుండె జారేది. సాక్సు విప్పేముందు కళ్లు మూసుకునేవాణ్ని. నూలు దారం చూస్తే పురుగే గుర్తొచ్చేది, మగ్గాల ఇంట్లో పుట్టి! సెలవుకు ఇంటికి వెళ్తే అమ్మ కండెలు చుడుతున్న గదిలోకి అడుగు పెట్టలేకపోయాను. ఆ రోజునుంచి ఎక్కడికి వెళ్లినా దవాఖానలో అడిగి తెచ్చుకున్న సీసాలో కాచిన నీళ్లు మోసుకెళ్లేవాణ్ని. ఊరివాళ్లు నన్ను ‘సీసా సారు’ అనడం మొదలుపెట్టారు. అననిచ్చాను.

భయం మనిషిని ఒక్కోసారి పనిలోకి కూడా తోస్తుంది. నా కాలు కూడా ఆ నీళ్ల లెక్కలో చేరాక వాడ నీళ్ల సంగతి నాకు పరాయి పని కాకుండా పోయింది. బ్లాకు అధికారికి నివేదిక రాశాను. బావి మార్చడంవల్ల వాడకు నీళ్లు లేకుండా పోయాయని, వాళ్లు పాడుబావి నీళ్లు తాగుతున్నారని. సంతకం పెట్టేటప్పుడు పేరులో ఒక అక్షరం మింగేశాను.

“ఏమయ్యా! ఊరంతటికీ మంచి నీళ్లిచ్చామని మొన్ననే కదా పైకి రాశాం. ఇప్పుడు బావి కట్టి నీళ్లు లేకుండా చేశామని రాయమంటావా? నా ఉద్యోగం మీద నీకేమైనా పగ ఉందా?” అన్నాడాయన. కాసేపు ఆలోచించి, “గచ్చు పక్కన ఒక తొట్టి కట్టించు. ఎవరో ఒకరు అందులో పోస్తుంటారు, వాళ్లు ముంచుకుంటారు” అన్నాడు.

నాకూ అది సులువుగానే తోచింది. వెళ్లి అవ్వతో చెప్పాను.

“మల్ల పోసేటోల్ల చేతుల దిక్కే చూడాల్నా సారూ? పోసే చెయ్యి పోయిననాడు మల్ల పాడుబాయికే గద పోవుడు? మాకు పోసే చెయ్యి వద్దు. మేం చేద వేసుకునే బాయి కావాలె.”

మళ్లీ బ్లాకు ఆఫీసుకు వెళ్లాను. ఈసారి సాబ్ నా వెంట వచ్చాడు. ఏమీ వాదించలేదు. వచ్చే ఎండాకాలం వాడ కాళ్లన్నిట్లో నారి లేస్తుంది, అప్పుడు జిల్లా నుంచి ఎవరైనా వస్తే ఈ బ్లాకు తరఫున జవాబు ఎవరు చెప్తారని మాత్రం అడిగాడు. అధికారి ఇస్త్రీ కాలరు సర్దుకున్నాడు. భయం నాకొక్కడికే సొంతం అనుకున్నాను, పైవాళ్లకూ ఉంటుందని ఆ రోజు తెలిసింది. వాడకు వేరే బావి మంజూరైంది.

వాడ పక్కనే సర్కారు జాగా ఉంది. పటేలు దాన్ని ఏళ్ల తరబడి గడ్డివాములకు వాడుకుంటున్నాడు. అక్కడే బావి అని తెలిసిన మర్నాడు ఆయన నా కిరాయి గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే ఇంత భయపడేవాణ్ని కాదు.

“నువ్వు సాలోల్ల పిలగానివి, మంచోనివి. మగ్గం గుంతల కాల్లు పెట్టుకొని కూసోవాల్సినోనివి, సర్కారు కుర్సీల కూసున్నవు. సంతోషమే. కుర్సీ కాలు ఇరిగిందనుకో, మల్ల గుంతనే గద పిలగా? జర సోంచాయించు.”

నేను ఆయనకు జవాబు చెప్పలేదు. చెప్పానని రాస్తే బాగుంటుంది కానీ చెప్పలేదు. ఆయన వెళ్లాక తలుపు గొళ్లెం పెట్టుకుని, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగం పోతే ఇంటికి పంపేది ఏమీ ఉండదు, అన్నల మీద పడి తినాలి. అయితే మంజూరు కాగితం అప్పటికే తహసీలు దాకా పోయింది. దాన్ని వెనక్కి తెప్పించడానికీ ధైర్యం కావాలి, నాకు అదీ లేదు. అలా ఆ బావి నిలబడింది.

వానలు తగ్గాక తవ్వకం మొదలైంది. వాడ మగవాళ్లు, ఆడవాళ్లు వంతులు వేసుకుని తవ్వారు. మూడు నిలువుల కింద రాయి తగిలింది. ఆ రాయి తొలిచేసరికి పుష్యమాసం వచ్చింది. ఈలోపల వాళ్లు తాగింది పాడుబావి నీళ్లే. నేను రోజూ వెళ్లేవాణ్ని. వడగట్టుకోండి అన్న మాట రోజూ నాలిక చివరిదాకా వచ్చేది. కానీ ఇప్పుడు చెబితే, మొదటిరోజు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెప్పని ఒక్కో రోజూ మర్నాడు చెప్పడాన్ని ఇంకా కష్టం చేసేది. బావి వస్తే అన్నీ సర్దుకుంటాయిలే అని మనసుకు చెప్పుకున్నాను.

నీళ్లు పడిన రోజు వాడంతా చేరింది. తేటగా, తియ్యగా ఉన్నాయి. పిట్టగోడ, గిలక, గచ్చు, అన్నీ ఊరి బావికున్నట్టే. అవ్వ తన చేత్తో చేద వేసి తోడి, మొదటి చెంబు నాకే ఇచ్చింది. కొత్త బావి, కాలు పడని నీళ్లు, ఏ ప్రమాదమూ లేదని నాకు తెలుసు. అయినా చేతులు రాలేదు. నెలల తరబడి పెంచుకున్న భయం పుస్తకం మాట వినదు. చెంబు కళ్లకద్దుకుని, కడుపులో బాగాలేదని తిరిగి ఇచ్చేశాను. నా సీసాలోంచి రెండు గుక్కలు తాగాను. అందరూ చూశారు.

ఎండాకాలం వచ్చింది. ఊళ్లో నారి లేవడం బాగా తగ్గింది, అక్కడొకటి ఇక్కడొకటి తప్ప. వాడలో మాత్రం ఇంటికొకరికి, కొన్ని ఇళ్లల్లో ఇద్దరికి లేచింది. నాకు తెలిసిన లెక్కే, పోయిన ఏడాది పాడుబావి నీళ్లు ఇప్పుడు పైకొచ్చాయి. కానీ వాడ లెక్క వేరు. కొత్త బావి తాగాం, నారి లేచింది. ఊరి బావికి లేనిది మన బావికే ఎందుకొచ్చింది? పటేలు మనుషులు దానికి ఉప్పూకారం తగిలించారు. చెడ్డ జాగాలో తవ్వారన్నారు, రాయిలోంచే నారి పుడుతోందన్నారు. అన్నిటికన్నా పెద్ద రుజువు ఒకటి దొరికింది వాళ్లకు. సారు గూడ తాగలే, ఆయనకు ముందే ఎర్క.

ఒక పొద్దున వెళ్లేసరికి కొత్త బావి మీద ముళ్లకంప కప్పి ఉంది. ఆడవాళ్లు కుండలతో పాడుబావి తోవ పట్టారు, పుల్లలు కట్టిన కాళ్లతో కుంటుతూ. ఆ కాళ్లు ఆ నీళ్లల్లో దిగుతాయి. ఆ నీళ్లు మళ్లీ అందరూ తాగుతారు. మళ్లొచ్చే ఏడు ఇంతకు రెట్టింపు. ఏడాది ఆలస్యంగా వచ్చే రోగం గురించి వాళ్లకు ఎలా నచ్చజెప్పాలో తెలియలేదు. నోటికొచ్చినట్టు ఏదో చెప్పబోయాను. ఒకామె ఆగి, “జొన్న ఏస్తె నాలుగు దినాలకు మొలుస్తది సారూ, ఏడాదికి మొలిచే ఇత్తులెక్కడియి?” అని వెళ్లిపోయింది.

నేను చెప్పని సంగతి ఇంకొకటుంది. అప్పటికి రెండు రోజులుగా నా ఎడమ చీలమండ దగ్గర పొక్కు లేచి ఉంది. గుడ్డ చుట్టి ప్యాంటు కింద దాచుకుని తిరుగుతున్నాను. ఏడాదంతా భయపడ్డది జరిగింది. జరిగాక ఆ భయం పోయి సిగ్గు వచ్చింది. ఊరికి నీళ్ల పాఠాలు చెప్పే గ్రామసేవక్‌కు నారి! సాబ్‌కు చూపించి ఏడ్చినంత పని చేశాను. ఆయన కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ముళ్లకంప సంగతి చెబితే విని, ఒక్క నిమిషం నమలడం ఆపేశాడు.

“అరె మియా, వాల్లకు గవాయి, సాక్షి కావాలె గద? పాడుబాయి నీళ్లు తాగి, కొత్త బాయి నీళ్లు ముట్టనోడు ఎవడున్నడు? నువ్వే. సీసా సారువి. నీ కాలు చూపెట్టు. గింతకంటె పక్కా గవాయి ఏముంటది?”

అప్పుడు నాకు నిజంగా భయం పట్టుకుంది. కాలు చూపించాలంటే ఎప్పుడు, ఎక్కడ తాగానో చెప్పాలి. తెలిసి తాగానని చెప్పాలి. ఆ రాత్రి నిద్రపట్టలేదని వేరే చెప్పాలా. తెల్లవారాక కుంటుకుంటూ సైకిలు తోసుకుని వాడకు వెళ్లాను.

అవ్వ గుడిసె ముందు మనుషులు చేరారు. నన్ను చూసి ఎవరూ లేవలేదు. అవ్వ కాలికి ఈ ఏడు రెండు పుల్లలున్నాయి.

“నీ బాయిల నారి ఉన్నది సారూ. నువ్వు తాగలే, మేం తాగినం” అంది.

నేను నేలమీదే కూర్చున్నాను. ప్యాంటు పైకి మడిచి గుడ్డ విప్పాను. పొక్కు అప్పటికే చితికింది. తెల్లగా, సన్నగా, కొస కనిపిస్తోంది. అందరూ వంగి చూశారు.

“మీ కొత్త బాయిల చుక్క ముట్టలే. మీరే చూసిన్రు” అన్నాను. “ఊర్ల నీళ్లు వడగట్టకుంట ఎన్నడు తాగలే. ఏడాది సంది సీసా నీళ్లే. వడగట్టకుంట తాగింది ఒక్కపారే. పోయిన ఎండకాలం, గీడనే, గీ అవ్వ ఇచ్చిన చెంబు. పాడుబాయి నీళ్లు. గదే గిది.”

ఒక ముసలాయన, ఇంకెక్కడా తాగలేదా అని అడిగాడు. పక్క ఊళ్లో, సంతలో, బస్సు దగ్గర, పెళ్లిళ్లలో, ఒక్కొక్కటే అడిగాడు. కచేరీలో వకీలు కూడా అలా అడగడు. అన్నిటికీ లేదన్నాను. ఆయన తల ఊపి, కర్ర పట్టుకుని లేచి, బావి దగ్గరికి నడిచి, కర్రతో ముళ్లకంపను పక్కకు లాగడం మొదలుపెట్టాడు. తర్వాత ఇద్దరు ముగ్గురు వెళ్లి చెయ్యి వేశారు. వడగట్టే సంగతి, పుండు కాళ్ల సంగతి అప్పుడు చెప్పాను. అందరూ విన్నారు.

మళ్లొచ్చిన ఎండాకాలానికి వాడలో పుల్ల కట్టిన కాలు నాకు కనపడలేదు. ఆ మాట మా బ్లాకు నివేదికలోకి ఎక్కింది. నాకు మెచ్చుకోలు కాగితం, జడ్చర్లకు బదిలీ వచ్చాయి. ఆ కాగితం చూపించి నా చేత శిక్షణలో పాఠాలు కూడా చెప్పించారు. వాడకు బావి ఎలా సాధించిందీ చెప్పేవాణ్ని. వాళ్ల ఇంట్లో నీళ్లు తాగిన సంగతీ గొప్పగా చెప్పేవాణ్ని. ఆ పొద్దున జనం బావి దగ్గరికి వెళ్లాక జరిగింది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అందరూ వెళ్లారు, అవ్వ వెళ్లలేదు. చీపురులోంచి ఒక పుల్ల విరిచి, కొనలు గోటితో నునుపు చేసి, నా కాలు తనవైపు లాక్కుంది. నేను వెనక్కి తీసుకోబోతే గట్టిగా పట్టుకుంది. నారి కొసను పుల్లకు ఒక చుట్టు చుట్టింది. నొప్పి తెలియకుండా చుట్టింది. అలవాటైన చెయ్యి.

“ఒక్కటి అడుగుత సారూ. నా చేతిల చెంబు తీసుకున్ననాడు, గా నీళ్లల్ల నారి ఉన్నదని నీకు ఎర్కనేనా?”

అబద్ధం సిద్ధంగానే ఉంది. ఎందుకో ఆ ఒక్కసారి రాలేదు.

“ఎర్కనే అవ్వా.”

“ఎర్క ఉండి తాగినవు.”

“తాగిన.”

“మాకు చెప్పకపోతివి. మేమూ తాగుతుంటిమి గద, పిల్లా జెల్లా.”

“తాగనంటే అంటు అనుకుంటరని... మీ మనసు నొస్తదని భయపడ్డ” అన్నాను.

ఆమె కోప్పడలేదు. పుల్లను కదలకుండా నా కాలికి కట్టింది. తర్వాత బావి దగ్గరున్న మనుషుల వైపు, గచ్చు మీద కుంటుతూ తిరుగుతున్న కాళ్ల వైపు చూసింది.

“నువ్వు తాగనంటే నాకు ఒక్క పూట కోపమొస్తుండె సారూ” అంది. “గంతే.”